గేటత్తయ్య ఇంటి మేడ మీద బాతు

ఆ కోళ్ళఫారంలోకి ఎంత గొప్పవాడు వచ్చినా ముందు తలమీంచి నీళ్ళు పోసుకోవాల్సిందే. నేను ఫలానా అంటే కుదరదు. పొద్దున్నే ఇంట్లో స్నానం చేసే బయల్దేరానంటే అసలే కుదరదు. గేటు గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గేటత్తయ్య కూర్చుని ఉంటుంది. ఆవిడ దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు.

ఆవిడ అసలు పేరేమిటో జీతాలిచ్చే గుమస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. ఫారం పెట్టిన కొత్తలో తువ్వాళ్ళు ఉతకడానికని చేరింది. ఏడాది తిరిగేసరికి తువ్వాళ్ళూ, స్నానాల గదులూ, గేటూ, గేటు దాటే జనమూ అన్నీ ఆవిడ చేతికిందికి వచ్చేశాయి. ఎవరూ ఇవ్వలేదు. తీసేసుకుంటుంటే వద్దనే గుండె ఎవరికీ లేకపోయింది, అంతే.

అక్కడి పద్ధతేమిటో ముందు చెబుతాను వినండి, లేకపోతే తర్వాత జరిగిన గొడవ మీకు బోధపడదు. మొదటి గదిలో ఇంటి బట్టలు విప్పేయాలి, ఉంగరాలూ గడియారాలూ సహా. రెండో గదిలో సబ్బుతో తలస్నానం. మూడో గదిలో ఫారం వాళ్ళు ఉతికి పెట్టిన బట్టలూ, రబ్బరు బూట్లూ వేసుకోవాలి. గుమ్మంలో మందునీళ్ళ తొట్టి ఉంటుంది, అందులో బూట్లు ముంచి అప్పుడు లోపలికి నడవాలి. ఇంత తతంగం ఎందుకయ్యా అంటే, లోపల షెడ్లలో వేలకు వేల కోళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. బయటి పక్షి రెట్ట పిసరంత చెప్పుకి అంటుకుని లోపలికి వెళ్ళిందంటే చాలు, బర్డ్ ఫ్లూ షెడ్డుకి షెడ్డే ఊడ్చిపెట్టేస్తుంది. ఒక్కదానికి వచ్చిందని తేలినా మిగిలినవాటన్నిటినీ చంపి గోతిలో పూడ్చాల్సిందే. అదీ సంగతి.

అందుకని స్నానం చేసొచ్చిన ప్రతివాళ్ళూ అత్తయ్య ముందు తల వంచాలి. ఆవిడ జుట్టులో వేళ్ళు పెట్టి చూస్తుంది. తడి కుదుళ్ళదాకా ఉంటే సరే. పైపైన చిలకరించుకుని వచ్చాడా, తిన్నగా వెనక్కి. ఇందులో ఓనరుగారిదొక ప్రత్యేకమైన బాధ. ఆయనది నున్నటి బట్టతల. స్నానాల గది నుంచి అత్తయ్య కుర్చీదాకా వచ్చేలోపే ఆరిపోతుంది. "చేశానత్తయ్యా, ఒట్టు!" అని మొత్తుకుంటాడు. "రుజువేది బాబూ?" అంటుంది ఆవిడ. సొంత ఫారంలోకి వెళ్ళడానికి పాపం ఆ మనిషి ఎన్నిసార్లు రెండేసి స్నానాలు చేశాడో! చివరికి నెత్తిన తడి తువ్వాలు వేసుకుని రావడం నేర్చుకున్నాడు.

స్నానానికి ముందు కిటికీలోంచి ఒక ప్రశ్న కూడా ఉండేది. ప్రతి ఉదయమూ, ప్రతి మనిషినీ. "ఇంట్లో పక్షులేమైనా ఉన్నాయా?" కోడి, బాతు, పావురం, పంజరంలో పిట్ట, ఏది పెంచుకుంటున్నా ఆ మనిషి లోపలికి రాకూడదని నియమం. ఎందుకంటే పెరటి పక్షి జబ్బు మన చేతుల మీదుగానే షెడ్డెక్కుతుంది. మేత లారీ డ్రైవరు ఒకసారి, "మా ఆవిడ ఉందత్తయ్యా, తెల్లారకుండానే కూస్తుంది" అని హాస్యమాడాడు. అత్తయ్య నవ్వలేదు సరికదా, వాడి లారీ చక్రాలకి మందు మళ్ళీ మొదటినుంచీ కొట్టించింది. వాడు ఎండలో నిలబడి చెమటలు కక్కాడు.

గుడ్లను అట్టల్లో సర్దే ఒకావిడ ఉండేది. ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి, "మా అత్తగారు లవ్‌బర్డ్స్ జత ఒకటి కొనుక్కున్నారు" అని ఉన్నమాట చెప్పేసింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అత్తయ్య అక్కడికక్కడే ఇంటికి పంపేసింది. ఆ పిట్టలు ఇల్లు కదిలి, ఆపైన ఫారం వాళ్ళు పెట్టిన గడువు తీరేదాకా ఈ మొహం చూపించొద్దంది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. అత్తగారు పిట్టల్ని తీసుకెళ్ళి కూతురింట్లో పెట్టి, కోడలితో మాట్లాడటం మానేసింది. ఇప్పటికీ మాట్లాడదు. "నాకు అదే హాయిగా ఉంది లెండి" అంటుంది కోడలు. హాయి సంగతెలా ఉన్నా, ఫారంలో ఆవిడకి లవ్‌బర్డ్స్ వదిన అన్న పేరు అంటుకుపోయింది. అత్తయ్య మీద కాస్త కినుకా మిగిలిపోయింది.

ఇక అత్తయ్య ఇంటి సంగతి. ఆవిడ భర్త బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమైతే రిటైరైంది గానీ నోరు రిటైరవలేదు. కుక్కరు ఈల వేస్తే "హోల్డాన్!" అంటాడు, భోజనం ముగిస్తే "రైట్, రైట్" అని లేస్తాడు. వీధంతా ఆయన్ని రైట్‌రైట్ మామయ్య అనే పిలుస్తారు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ లోటుని అత్తయ్య గేటుతో పూడ్చుకుంది. పొద్దున్నే వెళితే చీకటి పడ్డాకే రాక. వచ్చీరాగానే మామయ్య మీద పడేది. "బజారుకెళ్ళారా? ఏ దారిన వచ్చారు? చికెన్ కొట్టు ముందు నుంచేనా? ముందు స్నానం చెయ్యండి!" ఆయన కిక్కురుమనకుండా చేసేవాడు. చేసొచ్చి పక్కన కూర్చుని ఏదో చెప్పబోయేసరికి ఆవిడ కుర్చీలోనే కునికిపాట్లు పడుతుండేది. మామయ్య టీవీ గొంతు తగ్గించి తను కూడా ఊరుకునేవాడు. ఆయన దేన్ని పూడ్చుకోవాలో, దేనితో పూడ్చుకోవాలో ఎవరూ ఆలోచించలేదు.

అలా ఉండగా ఆ చలికాలం ఊరి చివరి చెరువులో వలసపక్షులు కొన్ని చచ్చి తేలాయి. బర్డ్ ఫ్లూయేనని తేల్చారు. చెరువు చుట్టూ తాళ్ళు కట్టారు, అటు వెళ్ళొద్దని మైకులో చెప్పారు. ఫారానికి పశువుల డాక్టరమ్మ వచ్చి అందర్నీ ప్యాకింగు హాల్లో కూర్చోబెట్టింది.

"ఇది ప్రస్తుతానికి పక్షుల జబ్బు," అందావిడ. "పక్షి నుంచి మనిషికి అరుదుగా అంటుకుంటుంది. మనిషి నుంచి మనిషికి పాకడం దానికింకా చేతకాదు. అది గనక నేర్చుకుందంటే ఈ ఊరూ ఆ ఊరూ అని ఉండదు, లోకమంతా తలుపులేసుకుని కూర్చోవాలి. ఆ పాఠమేదో మన ఒంట్లో నేర్చుకోకుండా చూడాలి. అర్థమైందా?"

అర్థమైందన్నట్టు అందరూ తలలూపారు. మామూలు ఫ్లూకీ పక్షుల ఫ్లూకీ ఒకే ఒంట్లో స్నేహం కుదిరితే కొత్త రకం పుట్టవచ్చని చెప్పి, నర్సు చేత అందరికీ మామూలు ఫ్లూ టీకా వేయించింది. సూది చూసి లారీ డ్రైవరు బస్తాల వెనక్కి వెళ్ళాడు. వాణ్ణి అత్తయ్య చెవి పట్టుకుని తీసుకొచ్చింది.

ఆ తర్వాత రిహార్సల్ అన్నారు. షెడ్డులో పనిచేసేవాడికి జ్వరం వచ్చిందనుకుంటే ఎవరేం చెయ్యాలీ అని. జ్వరగాడి వేషం డ్రైవరుకే ఇచ్చారు. వాడు ముక్కుతూ మూలుగుతూ భలే పడుకున్నాడు. ఇటు జనం గంగవెర్రులెత్తిపోయారు. గ్లౌజులు దొరికినవాడికి మాస్కు దొరకదు, మాస్కు దొరికినవాడికి ఫోన్ నంబరు గుర్తురాదు. ఓనరుగారు కంగారులో మాస్కుని బట్టతలమీదికి తోసుకుని దానికోసం హాలంతా వెతికాడు. తీరా అంబులెన్సు వచ్చినట్టు, ఎక్కించినట్టు అంతా అయ్యాక చూస్తే జ్వరగాడు నిజంగానే గురకపెడుతున్నాడు. డాక్టరమ్మ తల బాదుకుని, "మళ్ళీ మొదటినుంచి!" అంది. అత్తయ్య మాత్రం మొదటిసారే తన పని తాను చేసింది. గేటు వేసి, తాళం తిప్పి, "ఒక్కరు కదిలితే చూడండి!" అని అడ్డంగా నిలబడింది. అంబులెన్సుని కూడా చక్రాలకి మందు కొట్టందే కదలనివ్వనంది, లేని అంబులెన్సుని!

"ఈ ఫారానికి అసలు టీకా అత్తయ్యగారే," అని మెచ్చుకుంది డాక్టరమ్మ, అందరి ముందూ. "అందరూ ఆవిడలా ఉంటే నాకు నిద్ర పడుతుంది. ఇంకొక్క మాట. నీటిపక్షులతో జాగ్రత్త. బాతుల్లాంటివాటికి జబ్బు ఉన్నా ఒక్కోసారి పైకి తెలియదు. అవి హాయిగా తిరుగుతూనే పంచిపెడతాయి."

షెడ్లకి మందు కొట్టాలని ఆ రోజు పెందరాళే పంపించేశారు. అత్తయ్య పొగడ్తని నెమరేసుకుంటూ, కాళ్ళు నేలమీద ఆనకుండా ఇంటికొచ్చింది. వీధి గుమ్మంలో అడుగుపెట్టిందో లేదో, పక్కింటి పిన్నిగారు గోడమీంచి తల పెట్టింది.

"ఏమ్మా, ఇలా అంటున్నానని అనుకోకు. మీ ఆయన మేడ మీద ఎవరితోనో గంటలకొద్దీ కబుర్లాడుతున్నారు. నవ్వులు కూడాను. నాకెందుకులే అని ఊరుకున్నాను."

నాకెందుకులే అనుకున్న మనిషి స్టూలు వేసుకుని మరీ గోడెక్కింది చూడండి!

అత్తయ్య గుండె గుభేలుమంది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కొన్నాళ్ళుగా మామయ్య హుషారు హుషారుగా ఉంటున్నాడు. బట్టలు నానబెట్టే టబ్బు కనిపించడం లేదు. తెచ్చిన ఆకుకూర తెచ్చినట్టే మాయమవుతోంది. అన్నిటికన్నా వింత, ఎవరూ చెప్పకుండానే రోజుకి రెండేసి మూడేసి స్నానాలు చేస్తున్నాడు. "ఇన్నాళ్ళకి నా పోరు చెవికెక్కింది" అని ఆవిడ మురిసిపోయింది కూడాను, పిచ్చితల్లి. ఈ వయసులో మగవాడు ఊరికే అన్ని స్నానాలు చేస్తాడా?

చప్పుడు కాకుండా మెట్లెక్కింది. మేడ మీద విరిగిన కుర్చీలు పడేసే గది ఒకటుంది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల్నుంచి మామయ్య గొంతు, జన్మలో ఆవిడ వినని మెత్తటి గొంతు: "ఇంకొంచెం తిను. నా మాట విను. చిక్కిపోయావు చూడు."

అత్తయ్య అగ్గిమీద గుగ్గిలమై తలుపుని ఒక్క తోపు తోసింది.

"ఆగు!" అని అరిచాడు మామయ్య. "కాలు పెట్టకు! తొట్టిలో ముంచి రా!"

చూస్తే గుమ్మంలో పెద్ద పళ్ళెం, పళ్ళెంలో మందునీళ్ళు. దాని పక్కన విడిగా ఒక జత చెప్పులు. మేకుకి మామయ్య ఇంటి బట్టలు, ఆయన ఒంటిమీద పాత కండక్టరు యూనిఫారం. బయటివైపు నీళ్ళబకెట్టు, సబ్బు, తువ్వాలు. అచ్చం ఆవిడ గేటే, చిన్నది. గది మధ్యలో కనిపించకుండా పోయిన టబ్బు. టబ్బులో, నోటినిండా ఆకుకూరతో, ఒక బాతు.

"ఎవరది?" అంది అత్తయ్య. ఏమిటది అనాల్సింది, నోరు తిరగలేదు.

"ప్యాసింజరు," అన్నాడు మామయ్య నీళ్ళు నములుతూ. "బస్టాపులో బెంచీ కింద కూర్చుని ఉంది. రెక్క దెబ్బతింది. ఎన్ని బస్సులొచ్చినా నేనూ ఎక్కలేదు, అదీ ఎక్కలేదు. ఇద్దరమే మిగిలాం."

"ఎప్పుడు?"

"చెరువు గొడవకి చాలా ముందు. ఒట్టు! అంతా నీ పద్ధతి ప్రకారమే చేశాను. స్నానం చెయ్యకుండా ఒక్కసారి కూడా మెట్లు దిగలేదు. ఈ బట్టలు గుమ్మం దాటలేదు. కావాలంటే జుట్టు చూసుకో." తల వంచాడు.

"నా పద్ధతి పక్షే వద్దని!" అని అరిచి, అత్తయ్య పై మెట్టు మీద కూలబడింది.

తల కొట్టేసినట్టయిందావిడకి. ఈ మేడ కింద ఇంట్లోంచే రోజూ ఫారానికి వెళ్ళింది. లవ్‌బర్డ్స్ జతకే ఒకావిణ్ణి ఏడిపించి పంపింది. ఊరందర్నీ అడిగింది, తనని మాత్రం అడిగేవాళ్ళు లేకపోయారు. కిటికీకి లోపలివైపు కూర్చున్న మనిషిని ఎవరడుగుతారు? ఇప్పుడు ఆ బాతుకి ఏదైనా ఉంటే? డాక్టరమ్మ మెచ్చుకున్న ఈ చేతులే షెడ్డులోకి మోసుకెళ్ళి ఉంటే? వేలకొద్దీ కోళ్ళు కళ్ళముందు మెదిలాయి.

మామయ్య బట్టలు మార్చుకుని, స్నానం చేసి, వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాడు. "రేపు పెందలకడనే ఎక్కడైనా వదిలేసి వస్తాను. నువ్వు చూడలేదు, నేను తేలేదు. నీ గేటు నీకుంటుంది."

ఎందుకు దాచాలి, అత్తయ్యకి ఆశ పుట్టింది. గట్టిగానే పుట్టింది. నోరు మూసుకుంటే చాలు, గేటు దక్కుతుంది. చెబితే ఇక ఫారంలో తలెత్తుకోవడమెలా? నవ్వని నోరుండదు. గేటు మళ్ళీ ఇస్తారన్న నమ్మకమూ లేదు. గేటు పోతే ఈ ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో ఆవిడకి తెలియదు. కానీ జబ్బున్న పక్షిని వదిలేస్తే అది ఇంకో చెరువుకి, ఇంకో పెరటికి, ఇంకొకరి పిల్లల దగ్గరికి పోతుంది. జబ్బు లేకపోయినా, రేపు కిటికీలోంచి ఏ మొహం పెట్టుకుని జనాన్ని అడగాలి?

"వదలడం గిదలడం ఏమీ లేదు," అంది లేస్తూ. "తలుపు గట్టిగా వేసి రండి."

మర్నాడు ఫారం జనం విచిత్రం చూశారు. అత్తయ్య గేటు దాకా వచ్చి, బయట సున్నంతో గీసిన గీత అవతలే ఆగిపోయింది. ఓనరుగారిని పిలిపించింది.

"బాబూ, మా ఇంట్లో బాతుంది."

ఓనరుగారు ముందు నవ్వాడు. ఆవిడ మొహం చూసి నవ్వు మింగాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పలేదు కదా? ఒకటికి రెండు స్నానాలు చేసి వచ్చెయ్యండి అత్తయ్యా. మీరు లేకపోతే గేటు ఎవరు చూస్తారు?" అన్నాడు.

అంతే, ఆవిడ గీత అవతల నుంచే ఒంటికాలి మీద లేచింది. "మీ కొంప మీరే ముంచుకుంటారా? ముందు డాక్టరమ్మకి ఫోన్ చెయ్యండి. షెడ్లన్నీ చూడమనండి. గేటు లవ్‌బర్డ్స్ వదినకి ఇవ్వండి."

"ఆవిడకా? ఎందుకు?"

"ఈ కిటికీ దగ్గర నష్టం వస్తుందని తెలిసీ నిజం చెప్పింది ఆవిడొక్కతే. ఇంకెవర్ని నమ్ముతారు?"

వదిన వచ్చింది. తీరుబడిగా స్నానం చేసి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, కిటికీ తలుపు తెరిచింది. వెనకాల వరసలో ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఈ ఘడియ కోసం ఆవిడ ఎన్నాళ్ళు ఎదురుచూసిందో మరి, ఒక్క మాట కూడా తొందరపడలేదు.

"ఇంట్లో పక్షులేమైనా ఉన్నాయా అత్తయ్యా?"

"ఉంది."

"అయితే ఇంటికి దయచెయ్యండి. గడువు తీరేదాకా ఈ మొహం చూపించొద్దు."

అక్కడిదాకా బాగానే అంది. ఆ తర్వాత కిటికీలోంచి ముందుకి వంగింది. "కోళ్ళకేం కాదు, మీరు దిగులుపడకండి. నేను చూసుకుంటాను" అంది, ముక్కు ఎగబీలుస్తూ. అత్తయ్య దారిపొడుగునా ఏడ్చుకుంటూ ఇంటికి నడిచింది. సిగ్గుతో కొంత, భయంతో కొంత.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ నర్సుని వెంటబెట్టుకుని, తల నుంచి కాళ్ళదాకా తెల్ల ముసుగులో దిగింది. పిన్నిగారు స్టూలు మీద నుంచి పడబోయి నిలదొక్కుకుంది. బాతు గొంతులోంచి నమూనా తీస్తే అది మర్యాదగా నోరు తెరిచింది. మామయ్య ముక్కులోంచి తీస్తే మాత్రం ఇల్లెగిరిపోయేలా తుమ్మి, నర్సుని గోడదాకా తరిమాడు. ఆపైన అత్తయ్య ముక్కులోంచీ తీసి, మొగుడూపెళ్ళాలిద్దరికీ జాగ్రత్తకి మందులిచ్చి, ఇల్లు కదలొద్దన్నారు. సరుకులు గుమ్మం ముందు పెట్టి పోయేవాళ్ళు. నర్సు పొద్దునా సాయంత్రమూ ఫోన్ చేసి జ్వరముందా అని అడిగేది.

ఆ రోజులు చెప్పకూడదు. అంత కబుర్లపోగు మామయ్య నోరు పడిపోయినట్టు తిరిగాడు. అత్తయ్యకి ముద్ద దిగలేదు. ఫారం నుంచి ఫోన్ మోగితే చాలు, కోళ్ళు చచ్చాయని చెప్పడానికే అనుకునేది. ఒకసారి ఉండబట్టలేక మేడెక్కి, తొట్టిలో కాళ్ళు ముంచి, గది బయటే నిలబడి బాతుని నిలదీసింది. "నీకేదైనా ఉంటే ఇప్పుడే చెప్పు!" అది తల పక్కకి తిప్పి ఒక కన్నుతో చూసింది. ఎంతటివాళ్ళనైనా హడలగొట్టిన అత్తయ్య ఆ చూపుకి ఏమనాలో తోచక దిగి వచ్చేసింది.

చివరికి డాక్టరమ్మ ఫోన్ వచ్చింది. అత్తయ్య ఎత్తి, వినకుండానే మామయ్యకిచ్చేసింది. ఆయన విన్నాడు. విని, "బాతుకేమీ లేదట. మనకేమీ లేదట. షెడ్లలో ఒక్క కోడికి కూడా ఏమీ లేదట," అన్నాడు.

అత్తయ్య నేలమీద చతికిలబడి నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. ఆ తర్వాత లేచి, అన్నాళ్ళూ భయంతో దాచిపెట్టుకున్న తిట్లన్నీ మామయ్య మీద కుమ్మరించింది. పిన్నిగారు గోడ అవతల నుంచి, "హమ్మయ్య, గండం గడిచింది" అనుకుంది.

గండం గడిచింది గానీ చిక్కు విడలేదు. బాతు ఆ ఇంట్లో ఉన్నంతకాలం అత్తయ్యకి గేటు లేదు. ఈ మాట డాక్టరమ్మ వచ్చి చెప్పినప్పుడు అత్తయ్య నేలచూపులు చూసింది. పంపించెయ్యండి అని నోటిదాకా వచ్చింది. ఆ మెత్తటి గొంతు గుర్తొచ్చి మాట బయటికి రాలేదు.

మామయ్యే అన్నాడు. "తీసుకెళ్ళండి డాక్టరమ్మా. దాని కాళ్ళకి గచ్చు గుచ్చుకుంటోంది. నీళ్ళున్నచోట ఉండాలి."

దెబ్బతిన్న నీటిపక్షుల్ని ఉంచే చోటొకటి ఉందిట, రెక్క బాగయ్యేదాకా అక్కడ చూస్తారట. మామయ్య యూనిఫారం వేసుకుని, బాతుని తనే ఎత్తి జీపు వెనక పెట్టెలో పెట్టాడు. అది టబ్బు కోసం వెతుక్కున్నట్టు అటూ ఇటూ చూసింది. ఆయన జీపు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "రైట్... రైట్" అన్నాడు. జీపు సందు తిరిగిపోయింది. ఆ మనిషి చాలాసేపు లోపలికి రాలేదు. అత్తయ్య పిలవలేదు. ఏమని పిలవాలి?

గడువు తీరాక ఆవిడ ఫారానికి వెళ్ళింది. ఓనరుగారు తడి తువ్వాలు నెత్తిన వేసుకుని ఎదురొచ్చాడు. షెడ్లలో కోళ్ళ గోల మామూలే, ఆ గోల విని ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచీ గేటు దగ్గర ఒక కొత్త పద్ధతి వచ్చింది. కుర్చీలో కూర్చునేవాళ్ళని కూడా రోజూ ఇంకొకళ్ళు అడగాలి. వదిన అత్తయ్యని అడుగుతుంది, అత్తయ్య వదినని అడుగుతుంది. ఇద్దరూ ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు చూసుకుంటారు. చూసేవాళ్ళకి పేలు చూసుకుంటున్నట్టు ఉంటుంది గానీ, నవ్వే ధైర్యం ఎవరికుంది?

మధ్యాహ్నం భోజనాలవగానే అత్తయ్య తాళంచెవి వదిన ఒళ్ళో పెట్టింది. "ఇక రోజూ ఈ పూట నుంచీ గేటు నీది."

ఓనరుగారు పరుగున వచ్చాడు. "అదేమిటత్తయ్యా! ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"మరి?"

"ఇంటికెళ్ళాలి," అంది ఆవిడ. ఆ మాట ఆవిడ నోట ఎవరూ విన్నది లేదు. ఓనరుగారు తువ్వాలు తీసి తల తుడుచుకున్నాడు.

మామయ్య మేడ మీద ఖాళీ టబ్బు కడుగుతున్నాడు. కడిగిందే కడుగుతున్నాడు. ఎండ ఉండగానే వచ్చిన పెళ్ళాన్ని చూసి కంగారుపడ్డాడు. "ఏమైంది? మళ్ళీ పంపించేశారా?"

"నేనే వచ్చాను." అత్తయ్య కాలు విరగని కుర్చీ ఒకటి వెతుక్కుని కూర్చుంది. "రోజంతా దానితో ఏం మాట్లాడేవారు?"

"ఏవో, బస్సు కబుర్లు."

"అయితే చెప్పండి."

మామయ్య ఆవిడ మొహంలోకి అనుమానంగా చూశాడు. వేళాకోళం కాదని నమ్మకం కుదిరాక టబ్బు బోర్లించి దానిమీద కూర్చున్నాడు. ఒకసారి టీ తాగడానికని తను బస్సు దిగాడట. ఎవడో ఆకతాయి లోపల్నుంచి రైట్ రైట్ అని కేక వేశాడట. డ్రైవరు బస్సు లాగించేశాడు. గ్లాసు చేత్తో పట్టుకుని ఈయన రోడ్డు మీద పరుగు. దారిన పోయే పాలవ్యాను ఎక్కి, తరిమి తరిమి, ముందు స్టాపులో దిగి, తన బస్సుని తనే చెయ్యెత్తి ఆపి ఎక్కితే, డ్రైవరు వెనక్కి చూడకుండానే, "లోపలికి జరగండి, జరగండి, కండక్టరు టిక్కెట్టిస్తాడు" అన్నాడట.

అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఇది నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది.

"నువ్వెప్పుడున్నావనీ ఇంట్లో?" అన్నాడు మామయ్య, నిష్ఠూరమేమీ లేకుండా, ఉన్నమాట చెప్పినట్టు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ కథ ఆవిడ వినడం అదే మొదటిసారి. బాతు మాత్రం చాలాసార్లు వింది.